పాకలో తూర్పు మూల

ఆ ఏడాది గామ్ పళ్ళ కాలంలో మా ఇంట్లో అందరికంటే ఎక్కువసేపు పడుకున్నది నేనే. ఎంత పడుకున్నా ఒళ్ళు తేలికపడనిదీ నాకే. ఈ రెండూ ఒక్క మనిషికే ఎలా కుదురుతాయని మా అత్తయ్య ఊళ్ళో కనిపించిన వాళ్ళందరినీ అడిగింది.

మా ఊళ్ళో చలి ముదిరేలోగా ఒళ్ళు వంచకుండా ఎవరికీ కుదరదు. గామ్ పండు చెట్టు మీద ఎంత ఎర్రగా పండినా కొరికితే నాలుక పట్టేసే వగరు. చెక్కు తీసి, తొడిమకి కొక్కెం తగిలించి, గాలాడే పాకలో వరసలు వరసలుగా వేలాడదీస్తే, నెమ్మదిగా ముడుచుకుని, పైన తెల్లగా పిండి పట్టి, అప్పటికి తియ్యబడుతుంది. మంచు పడకముందే కొయ్యాలి, కోసినవి మెత్తబడకముందే చెక్కు తియ్యాలి. ఆ రోజుల్లో మా ఊళ్ళో పెళ్ళిళ్ళు పెట్టుకోరు, తద్దినాలు కూడా గబగబా కానిచ్చేస్తారు. చేతులున్న ప్రతివాళ్ళూ పాకలో పీట వేసుకుని కూర్చోవాల్సిందే.

చెక్కు తియ్యడంలో నాకు పేరుంది. గొప్పలు పోవడం కాదు, పక్కింటి మల్‌సుక్ అక్కని అడగండి. మా ఆయన సాంగ్‌గిల్ పెళ్ళిచూపుల్లో నా మొహం చూడలేదని, చెయ్యి చూసి ఒప్పుకున్నాడని ఆవిడ వేళాకోళం. ఆవిడకి డెబ్బయి ఉంటాయి. ఈ ఊళ్ళోనే పుట్టి ఈ ఊళ్ళోనే మెట్టింది. చిన్నప్పటి నుంచీ ఏటా మా పాకలోనే కూర్చుని పళ్ళు చెక్కుతుంది. అలాంటిది ఆ ఏడు నా బుట్ట సగం నిండేసరికి ఆవిడ బుట్ట నిండిపోతోంది.

"ఏమే పిల్‌సున్, మొండిబారింది కత్తా, చెయ్యా?" అంది.

"రెండూ కాదక్కా. ఒళ్ళే మొండికేసింది."

"దొంగచాటుగా పళ్ళు లాగిస్తున్నావు కదూ? మొహం చూసుకో ఒకసారి, పిండి పట్టిన ఎండు పండులా ఎలా తెల్లబోయిందో. ఇంతకీ పొద్దున పెరట్లోకి వెళ్ళి ఎన్నాళ్ళయిందే?"

పాకలో ఆడవాళ్ళందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. మా ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే అది. చెక్కుతూ చెక్కుతూ గాట్లు పడినవీ, మెత్తబడినవీ నోట్లో వేసుకుంటాం. గామ్ పండు కడుపుని బిగిస్తుంది, నెత్తురు తాగేస్తుంది అంటారు. అందుకే ఆ కాలంలో ఎవరి మొహం పాలిపోయినా, ఎవరికి కడుపు పట్టేసినా, ఎవరు మెట్లెక్కుతూ ఆయాసపడినా ఒకటే మాట, పళ్ళు ఎక్కువయ్యాయని. నాకు ఎండాకాలం నుంచే ఆయాసంగా ఉందనీ, అప్పటికి చెట్ల మీద పిందెలు తప్ప పళ్ళే లేవనీ ఒక్కరికీ తట్టలేదు.

"పరగడుపున తినకే. బున్‌రే గతే పడుతుంది," అని ఎవరో అనబోయి నాలిక కరుచుకున్నారు.

బున్‌రే మా ఆయనకి అక్క. నేను కాపురానికి రాకముందే, పెళ్ళి కాకుండానే పోయింది. పళ్ళు కడుపులో గడ్డకట్టి పోయిందని ఊరంతా చెప్పుకుంటారు. పిల్లలు పొద్దున్నే పండు ముట్టుకుంటే ఆ పేరు చెప్పే బెదిరిస్తారు. కానీ మా అత్తయ్య ఎదుట మాత్రం ఆ పేరు ఎత్తరు.

అత్తయ్య విననట్టే చెక్కుకుంటూ పోయింది. తొంభైకి దగ్గరపడుతున్నా వరసలో మొదటి పీట ఆవిడదే. కత్తీ నాలుకా ఒకే రాయి మీద నూరుకుని వచ్చి కూర్చునేది. ఆవిడ ఇప్పుడు లేదు గనక ఇంత ధైర్యంగా అంటున్నాను.

"మీ సరసాలు అయిపోతే పని చూడండి," అంది. "పళ్ళు ఎవరి కోసమూ ఆగవు."

మర్నాడు పొద్దున నా వల్ల కాలేదు. పాకలో తూర్పు మూల, ఖాళీ బుట్టల వెనక, ఒక మనిషి పట్టేంత చోటుంది. ఎండ ముందు అక్కడే పడుతుంది, చెక్క నేల వెచ్చగా ఉంటుంది. బుట్టల మీద కప్పే పాత బొంత ఒకటి లాక్కుని అక్కడ ముడుచుకున్నాను. కన్ను మూతపడిందో లేదో, ఎవరో బొంత విసురుగా లాగేశారు. అత్తయ్య.

"లే! లేవవే ఇక్కణ్ణుంచి!"

"కాసేపు అత్తయ్యా. తల తిరుగుతోంది."

"పడుకోవాలంటే ఇంట్లోకి పో. నడివీధిలో పడుకో, నాకేం. ఇక్కడ మాత్రం కాదు."

ఆవిడ తిట్లు నాకు కొత్తా? కానీ లాగిన బొంత రెండు చేతులతో పొట్టకి అదుముకుని నిలబడింది. కోపంతో అనుకున్నాను. లేచి వచ్చి పీట మీద కూర్చుని మళ్ళీ కత్తి పట్టుకున్నాను.

ఆ వారంలోనే పై అటక మీద పళ్ళు తగిలిస్తూ నిచ్చెన మీద నుంచి పడిపోయాను. పడ్డానని కూడా నాకు తెలియదు. కళ్ళు తెరిచేసరికి మా ఆయన నన్ను వీపు మీద వేసుకుని బండి దగ్గరికి పరుగెడుతున్నాడు. నలభై ఏళ్ళ కిందట అలా మోసి ఉంటే మురిసిపోయేదాన్ని.

పట్నం ఆసుపత్రిలో డాక్టరు కుర్రవాడు. మా అబ్బాయి కంటే చిన్నవాడిలా ఉన్నాడు. నెత్తురు పరీక్ష కాగితం చూసి, మా ఆయన వంక చూసి, "ఇంత తగ్గిపోయేదాకా ఎలా ఊరుకున్నారండీ?" అన్నాడు.

"గామ్ పళ్ళ కాలం కదండీ," అన్నాడు మా ఆయన.

డాక్టరుకి అర్థం కాలేదు.

"అంటే, మా ఊళ్ళో ఈ కాలంలో అందరం ఇలాగే..." అని చెప్పబోయి, తన మాట తనకే వినపడి, మా ఆయన ఆగిపోయాడు. టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

పెద్దపేగులో గడ్డ. క్యాన్సర్. ఎన్నాళ్ళ నుంచో లోపల్లోపలే నెత్తురు కారుతోందట. ఎవరెవరివో నెత్తురు సీసాలు తెచ్చి నాకెక్కించారు, పేగులో ఆ ముక్క కోసి తీసేశారు. పిల్లలు సెలవు పెట్టి వచ్చి, ఏడ్చి, నవ్వించి, వెళ్ళారు. ఇదంతా నాకు నీళ్ళలోంచి చూసినట్టు గుర్తు.

ఇంటికి వచ్చేసరికి పాక నిండా పళ్ళు వేలాడుతున్నాయి, సగం ఎండి, ఎర్రటి తెర దించినట్టు. అందులో నా చేతివి కొన్నే. పోనీలే, గడ్డ పోయింది, నెత్తురు వచ్చింది, నాలుగు రోజుల్లో లేచి తిరుగుతాను అనుకున్నాను. అందరూ అదే అనుకున్నారు.

నేను లేవలేదు.

అలసట తెలియని దాన్ని కాదు. పొద్దుగూకేదాకా పాకలో కూర్చుంటే నడుం విరిగిపోయేది, వేళ్ళు కొంకర్లు పోయేవి. ఆ అలసటలో ఒక సుఖం ఉండేది. వేడి అన్నం తిని, కింద పొయ్యి మంటతో వెచ్చబడ్డ గది నేల మీద వాలితే తెల్లారేసరికి దిగిపోయేది. ఇది అది కాదు. ఏమీ చెయ్యకుండానే వచ్చేది. పడుకుని లేస్తే పడుకోకముందు కంటే ఎక్కువయ్యేది. జావ గిన్నె ఎదురుగా ఉండేది, చెంచా అందుకోవాలని తెలిసేది, చెయ్యి లేచేది కాదు. తల దువ్వుకోవడం మొదలుపెట్టి సగంలో దువ్వెన ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయేదాన్ని. ఎవరైనా పలకరిస్తే జవాబు మనసులోనే తయారై అక్కడే ఉండిపోయేది. కాళ్ళలో తడి ఇసుక కూరినట్టుండేది. దానికి తోడు సిగ్గు. ఒంటి మీద దెబ్బ ఉంటే చూపించవచ్చు, దీన్ని ఎక్కడని చూపించను?

"గడ్డ తీసేశారు," అనేది అత్తయ్య గుమ్మంలో నిలబడి. "ఊరివాళ్ళ నెత్తురంతా నీకే ఎక్కించారు. ఇంకా ఏమిటే నీకు తక్కువ?"

"తెలీదు అత్తయ్యా. ఒళ్ళు లేవడం లేదు."

"దానంతటది లేస్తుందా? మనం లేపాలి. పడుకున్నకొద్దీ పడుకోబుద్ధే అవుతుంది. నీ మొగుణ్ణి కన్న మూడో నాటికి నేను పీట మీద కూర్చున్నాను తెలుసా?"

"అమ్మా, ఇంక చాలు," అన్నాడు మా ఆయన. తడి తువ్వాలుతో నా జుట్టు తుడుస్తున్నాడు.

"నువ్వు నోరుముయ్యి. దాని తల నువ్వు తుడుస్తుంటే అదెందుకు లేస్తుంది? రేపు అన్నం కూడా నమిలి పెట్టు."

చావంటే నాకు భయం లేదని బడాయిలు పోను. భయమే. కానీ ఆ రోజుల్లో అంతకంటే ఎక్కువగా నేను కోరుకున్నది ఒకటుంది. ఈ ముసలావిడ నన్ను నమ్మాలి. కావాలని పడుకోవడం లేదని, నాటకం కాదని, ఒక్కసారి, ఒక్కసారి ఒప్పుకోవాలి. మొగుడు నమ్మాడు, ఆయన నేను కుక్క నక్క అన్నా నమ్ముతాడు, అది లెక్కలోకి రాదు. నలభై ఏళ్ళుగా ఆవిడ పక్కన కూర్చుని పళ్ళు చెక్కాను. నా చేతి పని ఎలాంటిదో ఆవిడకి తెలుసు. ఆవిడ నోట సోమరి అన్న మాట పడటం నేను భరించలేకపోయాను.

ఇంతలో వాన పట్టింది. చలి బిగుసుకోవాల్సిన రోజుల్లో వెచ్చటి వాన. ఎండుతున్న పళ్ళకి అంతకు మించిన శత్రువు లేదు. తడి గాలి పాకలోకి వచ్చిందంటే బూజు పట్టి వరసలకి వరసలు పారబొయ్యాలి. మా ఆయన పట్టాలు దించడానికి పరుగెత్తాడు, మల్‌సుక్ అక్క పరుగెత్తింది, అత్తయ్య కూడా పరుగెత్తింది. నేను గోడ పట్టుకుని లేచాను. ఎలా వెళ్ళానో నాకే తెలియదు, పాక దాకా వెళ్ళాను. తూర్పు వైపు పట్టా తాడు అందుకుని లాగాను. ముడి వదులైంది, పట్టా కొంచెం జారింది. అంతే. ఆ మూల బుట్టలకి జారగిలబడి కూర్చుండిపోయాను.

పట్టాలన్నీ దించి, జుట్టు నుంచి నీళ్ళు కారుతుండగా వచ్చిన అత్తయ్య నన్నక్కడ చూసి నిలబడిపోయింది.

"కావాలనే చేస్తున్నావు కదూ," అంది. గొంతు చాలా చిన్నగా ఉంది. అంత చిన్న గొంతు ఆవిడ దగ్గర ఉందని నాకు తెలియదు.

"ఏం కావాలని అత్తయ్యా?"

"నీకు బతకాలని లేదు. అందుకే లేవడం లేదు. మనసు చంపుకున్నావు."

బతకాలని లేకపోతే ఈ వానలో ఇక్కడిదాకా ఎందుకొస్తానని అరవాలనిపించింది. అరవడానికి ఊపిరి చాలలేదు. ఏడుపు మాత్రం వచ్చింది, దానికి బలం అక్కర్లేదు కాబోలు. ఆవిడ నా వంక ఒక్క క్షణం చూసి, తల తిప్పుకుని వెళ్ళిపోయింది.

వాన వెలిశాక మా ఊరి ఆరోగ్య కేంద్రం నర్సమ్మ నన్ను చూడటానికి వచ్చింది. ఇళ్ళకి వచ్చి చూసే మనిషి. బూట్లు విప్పి, వెచ్చటి నేల మీద చతికిలబడి, పెట్టింది తిని, నాడి పట్టుకుని, కనురెప్ప లాగి చూసి, కుట్టు చూసి, అప్పుడు మాట్లాడుతుంది.

"ఎండు పళ్ళు ముట్టకండేం. కోసిన పేగు, అడ్డం పడితే కష్టం," అంది.

"ఈ ఊరి మనిషికి అంతకంటే పెద్ద శిక్ష లేదు కదమ్మా," అన్నాను.

అత్తయ్య గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. "నర్సమ్మా, దీనికి లేచి తిరిగే మందేదైనా ఇవ్వు. మందు లేకపోతే నాలుగు చీవాట్లు పెట్టు. నా మాట వినడం లేదు."

"చీవాట్లకి పోయే నీరసం కాదు పెద్దమ్మా ఇది."

"నీరసానికి మళ్ళీ జాతులా?"

నర్సమ్మ నవ్వలేదు. నా చెయ్యి తన చేతిలోనే ఉంచుకుని చెప్పింది. "ఆ గడ్డ నెలల తరబడి నెత్తురు కార్చింది. మనం పీల్చిన ఊపిరిని ఒంటికంతా మోసేది నెత్తురే కదా, అది పల్చబడితే కండకీ మెదడుకీ అందాల్సింది అందదు. సీసాలతో ఎక్కించినది ప్రాణం నిలబెట్టింది, అంతే. మిగతాది ఒళ్ళే తయారు చేసుకోవాలి. అదొక్కటే కాదు. మీకు జ్వరం వస్తే ఏం చేస్తారు పెద్దమ్మా? పీట మీద కూర్చుంటారా?"

"ముసుగు తన్ని పడుకుంటా."

"ఎందుకు పడుకుంటారు? ఒళ్ళు లోపల దేనితోనో కొట్లాడుతూ, పడుకోమని మెదడుకి కబురు పంపుతుంది గనక. గడ్డ ఉన్న ఒళ్ళు కూడా అలాగే రోజూ కొట్లాడుతుంది. జ్వరం కనపడదు, కబురు మాత్రం వెళుతూనే ఉంటుంది. ఆ కబురు వెళ్ళాక మెదడు మనిషిని లేవనివ్వదు. తిన్నది ఒంటపట్టదు, కండ కరుగుతుంది. పగలూ రాత్రీ తేడా కూడా ఒళ్ళు మరిచిపోతుంది, అందుకే నిద్రపోయినా నిద్రపోయినట్టుండదు. గడ్డ తీశాక కూడా ఇదంతా సర్దుకోవడానికి నెలలు పడుతుంది. ముందుముందు ఇంకా క్యాన్సర్ మందు ఎక్కిస్తారు, అప్పుడు మరి కాస్త ఎక్కువవుతుంది. ఈవిడ ఒళ్ళు దాచుకోవడం లేదు పెద్దమ్మా. దాచుకోవడానికి ఒంట్లో ఏమీ లేదు."

నేను అత్తయ్య మొహం చూస్తున్నాను. వింది. మొత్తం వింది. ఇన్నాళ్ళకి నా తరపున ఒక మనిషి మాట్లాడింది, ఆవిడ విన్నది. నాకు లోపల ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

"ఒక మాట," అంది అత్తయ్య. "ఈ నీరసం, గడ్డ ఉందని ఎవరికీ తెలియక ముందే వస్తుందా?"

"వస్తుంది. కొందరిలో మొదట బయటపడేదే అది. మొహం పాలిపోవడం, కాస్త నడిస్తే ఆయాసం, ఎప్పుడూ పడుకోవాలనిపించడం."

"పడుచువాళ్ళకి కూడానా?"

"తక్కువ. కానీ వస్తుంది. మీరెందుకు అడుగుతున్నారు?"

"ఊరికే," అంది అత్తయ్య. లేచి పెరట్లోకి వెళ్ళింది. శీతాకాలం పచ్చడికని ఉప్పులో ఊరేసి, కడిగి, నీళ్ళోడ్చి పెట్టిన క్యాబేజీలు అక్కడ బుట్టల్లో ఉన్నాయి. వాటిని మళ్ళీ తొట్టిలో వేసి కడగడం మొదలుపెట్టింది. చన్నీళ్ళ చప్పుడు చాలాసేపు వినపడింది. నర్సమ్మ వెళ్ళేటప్పుడు "వస్తాను పెద్దమ్మా" అంటే కూడా తల ఎత్తలేదు.

సాయంత్రం మా ఆయన నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఒత్తుతూ, అడగకుండానే చెప్పాడు.

"అక్క పడుకునేది ఆ మూలే. బుట్టల వెనక. నాకు పన్నెండేళ్ళు అప్పుడు. చెక్కుతూ చెక్కుతూ లేచి వెళ్ళి పడుకునేది. అమ్మ వెళ్ళి బొంత లాగేది. లేచి వచ్చి మళ్ళీ కూర్చునేది. ఎదురు మాట్లాడేది కాదు. నీరసంగా ఉందమ్మా అనేది, అంతే. సోమరి పిల్లని పేరు పడి వచ్చిన సంబంధాలు కూడా వెనక్కి పోయాయి."

"ఎవరికైనా చూపించారా?"

"మొహం తెల్లబడింది, పళ్ళు తింటోందన్నారు. కడుపులో గట్టిగా చేతికి తగిలింది, పళ్ళు గడ్డకట్టాయన్నారు. నాటుమందు తాగించారు. పళ్ళు దించే నాటికి అక్క లేదు." ఒత్తుతున్న చెయ్యి ఆగింది. "చివరి రోజు పొద్దున కూడా అమ్మ బొంత లాగింది, పిల్‌సున్. నేను అక్కడే ఉన్నాను."

"ఆవిడకీ ఇదేనంటారా?"

"ఇప్పుడెవరు చెప్పగలరు? ఇన్నేళ్ళూ పళ్ళే అనుకున్నాం. పళ్ళని తిట్టుకుని బతికాం."

ఆ తర్వాత అత్తయ్య నన్ను ఒక్క మాట అనలేదు. జావ తెచ్చి పెట్టేది, గిన్నె తీసుకెళ్ళేది. నేల చల్లబడకుండా పొయ్యిలో కట్టెలు ఎగదోసేది. ఇంట్లో ఆవిడ గొంతు వినపడకపోతే గోడలు కూడా బిక్కచచ్చినట్టుండేవి. మల్‌సుక్ అక్క వచ్చి, "ఏమిటే, మీ అత్తకి మాట పడిపోయిందా?" అని గుసగుసలాడింది. ఒకరోజు అన్నం దగ్గర మా ఆయనతో మాత్రం అంది, "నువ్వు కూడా పట్నం వెళ్ళి కడుపు లోపల చూపించుకో. దానికి తోడబుట్టినవాడివి." మా ఆయన గిన్నెలోకి చూస్తూ తల ఊపాడు. దానికి, అంటే ఎవరికో ఇద్దరిలో ఒక్కరూ అనలేదు.

నన్ను నమ్మింది. నేను ఏడ్చి ఏడ్చి కోరుకున్నది అదే. అది ఈ దారిన వస్తుందని తెలిస్తే కోరుకునేదాన్ని కాదు. ఆవిడ మళ్ళీ గుమ్మంలో నిలబడి తిడితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

పళ్ళకి పిండి పట్టింది. దించే రోజులొచ్చాయి. మొదట దించినవి పెద్దల తద్దినానికి తీసి పక్కన పెట్టడం మా ఆనవాయితీ. ఆ పొద్దున ఎండ బాగా కాస్తోంది. అత్తయ్య నా గదిలోకి వచ్చి, "లేవగలవా?" అంది. తిట్టడం కాదు, అడగడమే. నా చంక కింద చెయ్యి వేసి పాకలోకి నడిపించింది. తొంభయ్యేళ్ళ మనిషి, నా బరువు మొయ్యగలదని అనుకోలేదు.

తూర్పు మూల బుట్టలు లేవు. ఊడ్చి తుడిచి ఉంది. చాప, దాని మీద మెత్తటి పరుపు, ఇంట్లో కొత్త బొంత. పక్కన చెక్క గట్టు మీద చిన్న పళ్ళెంలో ఆ ఏటి మొదటి ఎండు పళ్ళు, మంచివి ఏరి పెట్టినవి. పెళ్ళి కాకుండా పోయిన ఆడపిల్లకి మా వైపు ఏ తద్దినానికీ పళ్ళెం పెట్టరు. అవి నాకోసం కాదని తెలుసు, నేను తినకూడదు కదా. ఏమీ అడగకుండా పడుకున్నాను.

అత్తయ్య నా పక్కనే నేల మీద కూర్చుంది. బొంత అంచు గుప్పిట్లో పట్టుకుంది. ఏటేటా పండు కర అంటి అంటి ఆవిడ వేళ్ళు నల్లబడి ఉంటాయి, ఎంత తోమినా పోదు.

"ఎలా ఉంటుందే అది?" అంది.

"ఏది అత్తయ్యా?"

"ఆ నీరసం. నర్సమ్మ చెప్పింది కాదు. నీకెలా ఉంటుందో చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు."

మాటలన్నీ నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఎప్పుడైనా అడుగుతుందేమోనని పడుకున్న చోటే కూడబెట్టి పెట్టుకున్నవి. చెంచా దాకా లేవని చెయ్యి, కాళ్ళలో తడి ఇసుక, లోపలే ఉండిపోయిన జవాబులు, ఆ సిగ్గు. మనం చెప్పేది నమ్మని మనిషి ఎదుట పడుకుని ఉండటం ఎలా ఉంటుందో అది. అన్నీ ఒక్కొక్కటే ఆవిడ ఒళ్ళో పోద్దామని ఎదురుచూశాను. ఆవిడ గుప్పిట్లో బొంత అంచు నలిగిపోతోంది.

"నొప్పేం ఉండదు అత్తయ్యా," అన్నాను. "మత్తుగా ఉంటుంది. ఎండలో పడుకున్న పిల్లికి ఉన్నట్టు. ఎవరైనా పిలిస్తే వినపడుతుంది కానీ ఎక్కడో దూరంగా. తిట్టినా దూరంగానే వినపడుతుంది. మనసుకి పట్టదు."

"పట్టదా?"

"పట్టదు."

ఆవిడ చూపు పళ్ళ వరసల మీదికి పోయింది. నమ్మిందనుకున్నాను.

"మరి నేను తిట్టిన ప్రతిసారీ నీ కళ్ళెందుకే తడిసేవి?"

నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. ఆవిడ గుప్పిట విప్పి, నలిగిన అంచు అరచేత్తో సాపు చేసి, బొంత నా మెడ దాకా లాగి కప్పింది. భుజాల కింద దోపింది, పసిపిల్లకి దోపినట్టు.

"పడుకో," అంది. "పళ్ళు ఎక్కడికీ పోవు."

కళ్ళు మూసుకున్నాను. రెప్పల మీద ఎండ వెచ్చగా ఉంది. పక్కన ఆవిడ ఊపిరి వినపడుతోంది, మధ్య మధ్య ఆగి, మళ్ళీ తీసుకుంటోంది. కాసేపటికి పాక గుమ్మం దగ్గర బుట్ట చప్పుడు, మల్‌సుక్ అక్క కేక.

"ఏమే పిల్‌సున్! పళ్ళు దించే రోజున కూడా పడకేనా? లే, లే!"

"అరవకు," అంది అత్తయ్య. "నీరసంగా ఉందిట. పడుకోనీ."

బుట్ట నేల మీద పడిన చప్పుడైంది. బున్‌రే బతికున్న రోజుల్లో మల్‌సుక్ అక్క కూర్చున్నది కూడా ఈ పాకలోనే, బున్‌రే పక్క పీట మీదే; "నీరసంగా ఉందమ్మా" అన్న మాట ఆవిడా విన్నదే. గుమ్మంలోనే కూలబడి, కొంగులాంటిదేదీ లేక రెండు చేతులతో మొహం కప్పుకుని, ఆ డెబ్బయ్యేళ్ళ మనిషి వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తయ్య అటు తిరగలేదు. ఒక చెయ్యి నా బొంత మీద వేసి, ఎవరూ లాగకుండా, ఎండ జరిగేదాకా అలాగే కూర్చుంది.